హామ్ రేడియో పోటీ ముగిసింది, ఎల్‌ఓటీడబ్ల్యూలో ఒక్క ధ్రువీకరణా రాలేదు: సభ్యుల సలహా కావాలి

ప్రశ్న (పర్లాకిమిడి సభ్యుడు)

గౌరవ సభ్యులకు నమస్కారం. నాది హామ్ రేడియోలో వీయూ3 (కింది గ్రేడ్) లైసెన్సు. మొన్న శని, ఆదివారాల్లో జరిగిన సీక్యూ వరల్డ్ వైడ్ వాయిస్ పోటీలో, స్థానం కోసం కాక, కొత్త దేశాలు దొరుకుతాయన్న ఆశతో, తీరిక చిక్కినప్పుడల్లా రేడియో ముందు కూర్చున్నాను. యాభై పైచిలుకు కాంటాక్టులు (ఇతర స్టేషన్లతో జరిపిన సంభాషణలు) నోటు పుస్తకంలో రాసుకుని, సోమవారం వాటిని లాగ్ (కాంటాక్టుల పద్దు) ప్రోగ్రామ్‌లోకి ఎక్కించి, టీక్యూఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్‌తో డిజిటల్ సంతకం చేసి, కాంటాక్టులను ధ్రువీకరించే లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్ (ఎల్‌ఓటీడబ్ల్యూ) అనే వెబ్ సేవకు పంపాను. ఫైలు అందినట్లు చూపిస్తోంది గానీ, పెద్ద పెద్ద పోటీ స్టేషన్లు కూడా సరిపోలడం లేదు. ఉదాహరణకు నా పుస్తకంలో ఒక వరుస ఇలా ఉంది: శనివారం 19:40, 14 మెగాహెర్ట్జ్, జర్మనీ స్టేషన్, నేను ఇచ్చినది 59 22, ఆయన ఇచ్చినది 59 14 (59 సిగ్నల్ రిపోర్టు, తరువాతిది జోన్ నంబరు).

పోటీ నిర్వాహకులకు లాగ్ వేరుగా పంపాలా? సరిగా వినబడని రెండు మూడు కాల్‌సైన్‌లను (స్టేషన్ల గుర్తింపు పేర్లను) వదిలేసి పంపవచ్చా? దయచేసి తెలుపగలరు.

జవాబు (బరంపురం సభ్యుడు)

మీరు ఇచ్చిన ఆ ఒక్క వరుసలోనే చిక్కు కనబడుతోంది. 19:40 అన్నది మీ గోడ గడియారం చూసి రాసినదే అయితే, లాగ్‌లలో రాయవలసిన యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారం అది 14:10. ఎల్‌ఓటీడబ్ల్యూ రెండు పక్షాల కాల్‌సైన్‌లను, బ్యాండ్‌ను (తరంగ శ్రేణిని), మోడ్‌ను (మాట, మోర్స్ వంటి పద్ధతిని) పోల్చి, ఇద్దరూ రాసిన సమయాల మధ్య తేడా అరగంటకు మించకపోతేనే కాంటాక్టును ధ్రువీకరిస్తుంది. మనకు యూటీసీకి తేడా ఐదున్నర గంటలు కాబట్టి మీ వరుసల్లో ఒక్కటీ సరిపోలదు. కిరాణా కొట్టు ఖాతాలో కొట్టువాడి పద్దు, మన పద్దు కలిస్తేనే లెక్క తేలినట్లు, ఇక్కడా రెండు లాగ్‌లు కలవాలి. పైగా, ఎదుటివారు ఏమి రాశారో సరిపోలేంత వరకు ఎల్‌ఓటీడబ్ల్యూ చూపించదు, అందుకే తప్పు మన వైపు ఉందో వారి వైపు ఉందో అక్కడ చూసి తెలుసుకునే మార్గం లేదు. అర్ధరాత్రి దాటాక చేసిన కాంటాక్టులలో తేదీ కూడా మారుతుంది: ఆదివారం తెల్లవారుజామున 3:15 అంటే యూటీసీలో శనివారం 21:45.

లాగ్ ప్రోగ్రామ్‌లో సమయాలన్నిటినీ ఐదున్నర గంటలు వెనక్కి జరిపి, మళ్ళీ సంతకం చేసి పంపండి. ముందు పంపిన వరుసలను తొలగించే వీలు లేదు గానీ, వాటితో బెంగ లేదు. అవి ఎవరితోనూ సరిపోలకుండా అలాగే పడి ఉంటాయి. సిగ్నల్ రిపోర్టును, జోన్ నంబరును ఎల్‌ఓటీడబ్ల్యూ పోల్చదు కనుక వాటి గురించి ఆలోచించనక్కర లేదు.

ఇక రెండవ ప్రశ్న. పోటీ లాగ్‌కు, ఎల్‌ఓటీడబ్ల్యూకు ఏ సంబంధమూ లేదు. ఒకచోట పంపితే మరోచోటికి చేరదు. పోటీ ముగిసిన ఐదు రోజులలోగా కాబ్రిల్లో అనే పోటీ లాగ్ రూపంలోని ఫైలును నిర్వాహకుల పేజీలో వేరుగా ఎక్కించాలి. సోమవారం ఉదయం ఐదున్నరకు పోటీ ముగిసింది కాబట్టి మీకు ఇంకా వ్యవధి ఉంది, అయితే సమయాలు సరిచేసిన తరువాతే పంపండి. యాభై కాంటాక్టుల లాగ్ ఎవరికి కావాలి అనుకోవద్దు. మీతో మాట్లాడినవారి లెక్కలను సరిచూడడానికి అది పనికివస్తుంది. స్థానం పట్ల ఆసక్తి లేకపోతే చెక్‌లాగ్‌గా (స్థానం ఇవ్వకుండా సరిచూడడానికే వాడే లాగ్‌గా) పంపవచ్చు, కానీ తక్కువ పవర్ విభాగంలో పంపడానికి సంకోచించవలసిన పని లేదని నా అభిప్రాయం. జర్మనీ వంటి వేరే ఖండపు స్టేషన్‌కు మూడు పాయింట్లు, జపాన్ వంటి ఆసియా స్టేషన్‌కు ఒకటి వస్తాయి. మన దేశపు స్టేషన్‌కు పాయింట్లు లేకపోయినా మల్టిప్లయర్‌గా (మొత్తం పాయింట్లను హెచ్చించే సంఖ్యలో) లెక్కకు వస్తుంది.

మూడవ ప్రశ్నకు మాత్రం కొంచెం గట్టిగానే చెప్పవలసి వస్తోంది. పంపితే మొత్తం పంపండి. మీ లాగ్ చేరి, అందులో ఒకరి కాంటాక్టు లేకపోతే, వారి లాగ్‌లో అది లేనిదిగా లెక్కింపబడి, వారు ఆ కాంటాక్టును పోగొట్టుకోవడమే గాక అదనపు కోతకు కూడా గురవుతారు. సందేహమున్న కాల్‌సైన్‌లను మీరు విన్నది విన్నట్టే ఉంచండి. పోటీ అయిన తరువాత డేటాబేస్‌లలో వెదికి వాటిని దిద్దడం నిబంధనలకు విరుద్ధం. ఎల్‌ఓటీడబ్ల్యూకు పంపే లాగ్‌కు ఆ పోటీ నిబంధన వర్తించదు, కానీ అక్కడ కూడా ఊహించి రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

జవాబు (గుణుపురం సభ్యుడు)

పై జవాబుకు చిన్న చేర్పు. ఏది తప్పో చూసుకోవాలంటే, కాంటాక్టు కార్డులను ఆన్‌లైన్‌లో పంపుకునే ఈక్యూఎస్‌ఎల్‌లోనూ ఖాతా తెరవండి. అక్కడ ఎదుటివారు మీ పేర పంపిన కార్డు మీ లాగ్‌తో కలవకపోయినా మీ ఇన్‌బాక్స్‌లో కనబడుతుంది కనుక, వారు రాసిన సమయం చూసి మీ పొరపాటు ఇట్టే పట్టుకోవచ్చు. అయితే డీఎక్స్‌సీసీకి (వంద దేశాలతో కాంటాక్టుకు ఇచ్చే అవార్డుకు) ఈక్యూఎస్‌ఎల్ చెల్లదు. వంద దేశాల లెక్కకు ఎల్‌ఓటీడబ్ల్యూ గానీ కాగితపు కార్డు గానీ ఉండాలి. ఎల్‌ఓటీడబ్ల్యూలో లాగ్ ఎక్కించడానికి రుసుము లేదు, అవార్డుకు దరఖాస్తు చేసినప్పుడే ఉంటుంది.

పర్లాకిమిడి సభ్యుడు

ఇద్దరికీ కృతజ్ఞతలు. గోడ గడియారమే కారణం. సమయాలు జరిపి పంపిన తరువాత జర్మనీ స్టేషన్‌తో పాటు చాలా వరుసలు ఈ సాయంత్రానికే సరిపోలాయి. పోటీ లాగ్ కూడా పూర్తిగా పంపాను. మరొక సందేహం: మార్చిలో జరిగే డబ్ల్యూపీఎక్స్ పోటీకి, మా మేడ మీద డైపోల్ యాంటెన్నాకు చోటు చాలడం లేదు కాబట్టి, బరంపురంలోని మా మేనమామగారి ఇంటి నుంచి పని చేద్దామనుకుంటున్నాను. అప్పుడు టీక్యూఎస్‌ఎల్ సంతకానికి వేరే సర్టిఫికెట్ తీసుకోవాలా?

జవాబు (గుణుపురం సభ్యుడు)

అక్కర లేదు. కాల్‌సైన్, దేశం మారనంత వరకు అదే సర్టిఫికెట్ చాలు. టీక్యూఎస్‌ఎల్‌లో ఇంకొక స్టేషన్ లొకేషన్ సృష్టించండి: పర్లాకిమిడి ఎన్‌కే28 గ్రిడ్‌లో (భూపటాన్ని విభజించిన గడిలో) ఉంది, బరంపురం ఎన్‌కే29లోకి వస్తుంది. సంతకం చేసేటప్పుడు సరైన లొకేషన్‌ను ఎంచుకోవడం మాత్రం మరచిపోకండి, ఎందుకంటే మీ గ్రిడ్ కోసం ఎదురుచూసేవారికి లెక్క అక్కడే తప్పుతుంది. డబ్ల్యూపీఎక్స్ పోటీలో జోన్ నంబరు ఇవ్వరు, 001 నుంచి వరుస సంఖ్య ఇస్తారు.

సర్టిఫికెట్‌కు మూడేళ్ళ గడువు ఉంటుంది, ముగియక ముందే పునరుద్ధరించుకోండి. దాని బ్యాకప్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచండి. రేపు జనరల్ గ్రేడ్ పరీక్ష నెగ్గి వీయూ2 కాల్‌సైన్ వస్తే దానికి మాత్రం కొత్త సర్టిఫికెట్ కావాలి. అప్పుడు పాత వీయూ3 సర్టిఫికెట్‌ను పారేయకండి, ఈ కాంటాక్టులన్నీ దాని పేరునే ఉన్నాయి.