టువా లాంగ్ పాస్: చేతిలో బలం లేదా, బలంతో పని లేదా?

ఆక్వా అభిమాని

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మయామీ డాల్ఫిన్స్ తరఫున పేరు తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) టువా టాగోవైలోవాకు లాంగ్ పాస్ వేయడం చేతకాదన్న మాట 2020 డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమం) నాటి నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ ఏడాది మయామీ ఐదో స్థానంలో టువాను ఎంచుకుంది, ఆ వెంటనే ఆరో స్థానంలో ఛార్జర్స్ జట్టు (ముద్దుపేరు బోల్ట్స్) మరో క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ హెర్బర్ట్‌ను తీసుకుంది. అది మొదలు టువా వేసిన ప్రతి బంతినీ హెర్బర్ట్ చేతి బలంతో కొలవడం అందరికీ అలవాటైపోయింది.

2022, 2023 సీజన్ల ఆట చూసిన తర్వాత కూడా ఈ మాట ఎలా నిలబడుతుందో నాకు అర్థం కావడం లేదు. 2022 సెప్టెంబరు 18న బాల్టిమోర్‌లో నాలుగో క్వార్టర్ మొదలయ్యేసరికి రేవెన్స్ జట్టు మీద 35-14తో వెనకబడి ఉన్న మయామీ చివరికి 42-38తో గెలిచింది. టువా ఆ రోజు 469 యార్డులు, 6 టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోర్లు) సాధించాడు. అందులో రెండు, పాస్‌లు అందుకునే రిసీవర్ టైరీక్ హిల్‌కు చివరి క్వార్టర్‌లో వేసిన 48, 60 యార్డుల పాస్‌లు. ఆ సీజన్‌లో ఒక్కో ప్రయత్నానికి 8.9 యార్డుల సగటుతో లీగ్‌లో మొదటి స్థానం ఆయనదే. మరుసటి ఏడాది 4,624 యార్డులతో మొత్తం పాసింగ్‌లోనూ ఆయనే మొదటివాడు. చేతకానివాడికి ఈ అంకెలు ఎక్కడి నుంచి వస్తాయో విమర్శకులే చెప్పాలి.

బోల్ట్స్ పక్షం

అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పడం కష్టమేమీ కాదండి. ఒక్కో ప్రయత్నానికి వచ్చే యార్డులలో బంతి గాల్లో ప్రయాణించిన దూరమూ ఉంటుంది, పట్టుకున్నాక రిసీవర్ పరుగెత్తిన దూరమూ ఉంటుంది. మైదానం నడుమ పదిహేను యార్డుల దగ్గర అందుకున్న బంతిని హిల్ గానీ మరో రిసీవర్ జేలెన్ వాడిల్ గానీ మరో ముప్పై యార్డులు తీసుకుపోతే, ఆ నలభై అయిదూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడతాయి. లాంగ్ పాస్ అంటే సాధారణంగా గాల్లోనే 20 యార్డులు దాటిన బంతిని లెక్కలోకి తీసుకుంటారు. వాదన ఏదైనా ఆ బంతుల మీదే జరగాలి.

ఇక బాల్టిమోర్ ఆట సంగతి. చివరి క్వార్టర్‌లో రేవెన్స్ రక్షణలో ఎవరు ఎవరిని కాయాలో వాళ్లకే తెలియని గందరగోళం కనిపించింది. హిల్ చుట్టుపక్కల మనిషే లేనప్పుడు బంతి కాస్త పొట్టిగా పడినా నష్టం లేదు, అతను ఆగి అందుకోగలడు. అదే బంతి పరుగు తగ్గనివ్వకుండా ముందుకు పడాల్సిన సందర్భంలో పొట్టిగా పడితే, వెనకబడిన సేఫ్టీ (లోతుగా కాపు కాసే డిఫెండర్) ఆ అర సెకనులో వచ్చి కలుస్తాడు. లీగ్‌లోకెల్లా వేగమైన రిసీవర్‌ను తెచ్చుకుని, ఆ వేగాన్ని బంతి కోసం తగ్గించుకోమనడం ఏం న్యాయం?

మరో సంగతి కూడా ఉంది. పొట్టిగా పడిన బంతి కోసం రిసీవర్ వెనక్కి తిరిగితే, బంతిని చూడకుండా పరుగెత్తుతున్న డిఫెండర్ వచ్చి అతన్ని ఢీకొంటాడు. దానికి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తప్పు జరిగిన చోటే బంతి ఇస్తారు. కాలేజీ ఫుట్‌బాల్‌లోలా 15 యార్డుల పరిమితి లేదు. అలా దక్కిన యార్డులను కొందరు లాంగ్ పాస్ ప్రతిభ కింద జమ కడుతున్నారు.

మరీనో కాలంవాడు

ఇద్దరూ బంతి ఎంత దూరం వెళ్లిందన్న దాని చుట్టూనే తిరుగుతున్నారు. బంతి చేతిని ఎప్పుడు వదిలిందన్నది అంతకంటే ముఖ్యం.

లెక్క వేసి చూడండి. పూర్తి వేగం అందుకున్న హిల్ సెకనుకు దాదాపు 10 యార్డులు పరుగెత్తుతాడు. క్వార్టర్‌బ్యాక్, ఆట మొదలయ్యే లైన్‌కు ఏడెనిమిది యార్డులు వెనక నిలబడి ఉంటాడు కాబట్టి, లైన్‌కు 40 యార్డుల ముందు అందాల్సిన బంతి నిజానికి 47, 48 యార్డులు ప్రయాణించాలి. పక్కగా సైడ్‌లైన్ వైపు వేస్తే ఇంకా ఎక్కువ. ఇప్పుడు అదే బంతిని అర సెకను ఆలస్యంగా వదిలితే రిసీవర్ మరో 5 యార్డులు ముందుకు పోయి ఉంటాడు. అంటే ఆలస్యంగా వేసేవాడికి చేతి బలం తప్పనిసరి అవుతుంది, ముందుగా వేసేవాడికి ఆ అవసరం తగ్గుతుంది. రిసీవర్ ఇంకా తనను కాసే కార్నర్‌బ్యాక్ పక్కనే ఉండగా, అతను దాటిపోతాడన్న నమ్మకంతో ఖాళీ చోటికి బంతి వేయడం టువా విద్య. లీగ్‌లో అతి త్వరగా బంతి వదిలే కొద్దిమందిలో ఆయన ఒకడు. 2022లో వచ్చిన కోచ్ మైక్ మెక్‌డేనియల్ తన పద్ధతి మొత్తాన్ని ఆ గడియారం చుట్టూనే అల్లాడు.

వి.వి.ఎస్. లక్ష్మణ్ మణికట్టు తిప్పితే బంతి బౌండరీ దాటడం చూసి పెరిగిన హైదరాబాద్ వాళ్లకు టైమింగ్ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

మయామీ చరిత్రలోనూ ఇందుకు ఉదాహరణలున్నాయి. చేతి బలం తక్కువని పేరుపడ్డ క్వార్టర్‌బ్యాక్ చాడ్ పెనింగ్టన్, అంతకుముందు ఏడాది 1-15తో (ఒక గెలుపు, 15 ఓటములు) అట్టడుగున ఉన్న జట్టును 2008లో 11-5తో డివిజన్ విజేతను చేశాడు. భుజానికి శస్త్రచికిత్స జరిగిన క్వార్టర్‌బ్యాక్ డ్రూ బ్రీస్‌ను 2006లో నమ్మలేక వదులుకున్నదీ ఈ జట్టే. ఆయన న్యూ ఆర్లీన్స్ వెళ్లి ఏం సాధించాడో మయామీ అభిమానులకు గుర్తు చేయడం మర్యాద కాదు. 1984లో 5,084 యార్డులు విసిరిన నాటి మయామీ క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో చేతి బలాన్ని అందరూ పొగుడుతారు గానీ, రెప్పపాటులో బంతిని వదిలేసే ఆ విడుపును తలచుకునేవారు తక్కువ.

బోల్ట్స్ పక్షం

లక్ష్మణ్ పోలిక ఇక్కడ కుదరదండి. బ్యాటింగ్‌లో బంతికి వేగం బౌలర్ ఇస్తాడు, బ్యాట్స్‌మన్ దాన్ని మళ్లిస్తే సరిపోతుంది. ఇక్కడ నిలకడగా ఉన్న బంతికి వేగమంతా విసిరేవాడి నడుము, భుజం, మోచేయి ఇవ్వాల్సిందే. పెనింగ్టన్ విషయంలోనూ అంతే. ఆయన 2008లో గెలిచింది చిన్న, మధ్యస్థ దూరపు పాస్‌ల కచ్చితత్వంతో. అది టువాకూ ఉందని ఒప్పుకుంటాను. మన చర్చ లాంగ్ పాస్ గురించి.

గడియారం సిద్ధాంతాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. అందుకే నా ప్రశ్న: ఆ గడియారాన్ని ఎదుటివాడు ఆపేస్తే? 2022 డిసెంబరు 11న సరిగ్గా అదే జరిగింది. బ్రాండన్ స్టేలీ శిక్షణలోని ఛార్జర్స్, మయామీ రిసీవర్లను లైన్ దగ్గరే చేతులతో నిలువరించి, టువా మొదట చూసే మైదానం నడిమి భాగాన్ని మూసేశారు. మొదటి చూపులో ఎవరూ దొరక్కపోతే టువా పాదాలు కుదురుగా నిలవవు, బంతి ఆలస్యమవుతుంది. అప్పుడు పైన మీరు చెప్పిన ఆ అదనపు 5 యార్డులు చేతి నుంచే రావాలి. ఆ రాత్రి ఆయన 28 ప్రయత్నాలలో 10 మాత్రమే పూర్తి చేసి 145 యార్డులు సాధించాడు. ఆ 145లో 60 యార్డులు హిల్‌కు వేసిన ఒక్క టచ్‌డౌన్‌లోనివే. ఎదుటి పక్షాన హెర్బర్ట్ ఆడుతుండటం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, చూసినవాళ్లు పోల్చకుండా ఎలా ఉంటారు?

గ్యాలరీ నుంచి

ఒక్క మాట. 2024 జనవరిలో కాన్సస్ సిటీలో జరిగిన ప్లేఆఫ్ (సీజన్ చివరి నాకౌట్) ఆటను కొందరు టువా చేతి బలహీనతకు రుజువుగా చూపిస్తుంటారు. ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న ఆ రాత్రి మయామీ 26-7తో ఓడింది. ఆ ఏడు పాయింట్లు వచ్చింది హిల్‌కు వేసిన 53 యార్డుల పాస్‌తోనే. అంత చలిలో బంతి రాయిలా గట్టిపడుతుంది, వేళ్లకు పట్టు దొరకదు. ఆ ఆటను ఇరుపక్షాలూ పక్కన పెట్టడం మంచిది.

ఆక్వా అభిమాని

బోల్ట్స్ పక్షం గారు డిసెంబరు ఆట చెప్పారు గానీ, మరుసటి సీజన్ తొలి ఆట చెప్పలేదు. 2023 సెప్టెంబరు 10న అదే మైదానంలో, అదే స్టేలీ రక్షణ మీద టువా 466 యార్డులు సాధించాడు, హిల్ ఒక్కడే 215 యార్డులు అందుకున్నాడు, జట్టు 36-34తో గెలిచింది. స్నాప్‌కు (ఆట మొదలుపెడుతూ బంతిని క్వార్టర్‌బ్యాక్‌కు అందించడం) ముందే రిసీవర్లను అడ్డంగా పరుగెత్తిస్తూ, లైన్ దగ్గర వాళ్ల మీద చేయి వేసే అవకాశమే లేకుండా చేశాడు మెక్‌డేనియల్. అంటే గడియారాన్ని ఆపే ఉపాయానికి విరుగుడు తొమ్మిది నెలల్లోనే దొరికింది.

హిల్ మాట కూడా వినండి. కాన్సస్ సిటీలో క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌తో నాలుగేళ్లు ఆడి వచ్చినవాడు, కచ్చితత్వంలో టువాకే ఓటు వేస్తానని 2022 వేసవిలోనే అన్నాడు. అప్పుడు నవ్వినవాళ్లు, హిల్ మయామీలో తొలి రెండేళ్లు వరుసగా 1,710, 1,799 యార్డులు అందుకున్నాక కాస్త తగ్గారు.

బోల్ట్స్ పక్షం

కొత్త జట్టులో చేరిన రిసీవర్ తన క్వార్టర్‌బ్యాక్‌ను పొగడకుండా తెగడుతాడా? ఆ సాక్ష్యం చెల్లదు. సెప్టెంబరు ఆట మాత్రం గట్టి ఉదాహరణే, కాదనను. అయితే విరుగుడు కనిపెట్టింది కోచ్ అని మీరే రాశారు.

మరీనో కాలంవాడు

కోచ్‌కూ క్వార్టర్‌బ్యాక్‌కూ మధ్య ఈ గీత గీయడం అంత తేలిక కాదు. రిసీవర్‌ను ఖాళీ చోటికి పంపడం కోచ్ పని కావచ్చు, ఆ చోటు ఇంకా ఖాళీ కాకముందే అక్కడికి బంతి వేయడానికి కావలసిన తెగింపు, కన్ను మాత్రం టువావే.

అందుకని వాదనను తేల్చాలంటే మొత్తం అంకెలను వదిలి 20 యార్డులు దాటిన బంతులను రెండు కుప్పలుగా వేరు చేయాలంటాను. స్నాప్ తర్వాత మూడు సెకన్లలోపు వదిలినవి ఒకవైపు, ఆ తర్వాత వదిలినవి మరోవైపు. మొదటి కుప్పలో టువా లీగ్‌లో ఎవరికీ తీసిపోడని నా నమ్మకం. రెండో కుప్పలో హెర్బర్ట్ ముందుంటాడని ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రెండో కుప్ప మయామీకి చాలా చిన్నది.

బోల్ట్స్ పక్షం

కొలమానం బాగుంది, దానికి నేను సరే. చిన్న కుప్ప అని తీసిపారేయడానికి మాత్రం సరే అనను. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాలలో మూడోది), ఇంకా పన్నెండు యార్డులు కావాలి, ఇద్దరు సేఫ్టీలు లోతుగా నిలబడి ఉన్నారు, మొదటి రిసీవర్ దారి మూసుకుపోయింది: జనవరి ప్లేఆఫ్‌లలో ఆటలు తేలేది ఆ కుప్పలోని బంతులతోనే.