పాపం చేశాడు, పాపం!

అందరికీ నమస్కారం. ఇది 2019 సెప్టెంబర్‌లో రాస్తున్నాను. ఒక మాట మీద మీ అభిప్రాయాలు కావాలి. మాట చిన్నదే: పాపం.

మొన్న శనివారం నేనూ మా అన్నయ్య కొడుకూ పెరంబూరులో లోకల్ ట్రైన్ ఎక్కి చెన్నై సెంట్రల్‌కి వస్తున్నాం. వాడు ఇంజనీరింగ్ మొదటి ఏడాది. అక్టోబర్ 2న రాబోతున్న ‘జోకర్’ సినిమా కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు. ఈ నెల 7న వెనిస్ చిత్రోత్సవంలో దానికి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో వేరే మాట లేదు. 1940లో బ్యాట్‌మన్ కామిక్స్‌లో పుట్టిన విలన్ ఈ జోకర్. ఆ మనిషి అలా ఎందుకు తయారయ్యాడన్నదే ఈసారి కథట. నాకు ట్రైలర్ మూడోసారి చూపిస్తున్నాడు. అందులో జోకర్ వేషం వేసుకున్న మనిషిని కుర్రాళ్లు కొందరు సందులో పడేసి తంతుంటారు. బక్కపలచటి మనిషి, కాళ్లకు పెద్ద పెద్ద బూట్లు, దెబ్బలు కాచుకోవడానికి కూడా ఓపిక లేనట్టు ముడుచుకుపోయి ఉంటాడు. సరిగ్గా అక్కడ, ఒళ్లో కూరగాయల సంచి పెట్టుకుని మా పక్కన కూర్చున్న ఒక తమిళ పెద్దావిడ, మాతోపాటే చూస్తోందేమో, "అయ్యో, పావం" అంది.

మావాడు ఊరుకోలేదు. "పాటీ (అవ్వా), ఇతనే విలన్" అని తమిళంలో చెప్పాడు. ఆవిడ వాడిని చూసి, మళ్లీ ఫోన్ చూసి, ఇంకోసారి "పావం" అంది, ఈసారి నెమ్మదిగా.

ఆ రెండో ‘పావం’ ఏ అర్థంలో అందో నాకు ఇప్పటికీ తేలలేదు. తమిళంలోనూ మనలాగే చేసిన తప్పుకీ, పడే జాలికీ ఒకటే మాట. రోజూ వాడే మాట కాబట్టి మనం ఆగి చూడం. ‘పాపిష్టివాడు’ అని తిట్టే నోరే ‘పాపం, వాడికెవరూ లేరు’ అంటుంది.

ఈ రెండు వాక్యాలు చూడండి:

వాడు పాపం చేశాడు.
వాడు, పాపం, చేశాడు.

రాస్తే రెండు కామాల తేడా. మాట్లాడితే కాస్త సాగదీత, అంతే. మొదటి వాక్యంలో ‘పాపం’ వ్యాకరణంలో చెప్పే కర్మ, అంటే అతను చేసినది. రెండో దాంట్లో అది దేనికీ అంటుకోదు. విభక్తి చేరదు, బహువచనం లేదు. ఎక్కడ పెట్టినా ఒదిగిపోతుంది: పాపం వాడొచ్చాడు, వాడు పాపం వచ్చాడు, వాడొచ్చాడు పాపం. ఇక ‘వాడేం పాపం చేశాడు?’ అన్న వాక్యం నాకు అన్నింటికన్నా ఇష్టం. అందులో పాపం అంటే తప్పే, కానీ వాక్యం మొత్తం జాలి. తిట్టూ ఓదార్పూ ఒకే ఊపిరిలో వచ్చేస్తాయి.

ధనంజయుడు రాసిన సంస్కృత నాటక లక్షణ గ్రంథం దశరూపకంలో ప్రతినాయకుడి (విలన్) లక్షణాలు చెబుతూ లుబ్ధుడు, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకృత్తు, వ్యసని, శత్రువు అంటారు. పాపకృత్తు అంటే పాపం చేసేవాడు. ఎందుకు చేశాడన్న ప్రశ్న ఆ నిర్వచనానికి అక్కర్లేదు. మావాడు ఎదురుచూస్తున్న సినిమా మొత్తం ఆ ప్రశ్న మీదే నిలబడేలా ఉంది. అందుకే అడుగుతున్నాను: ఒకే మనిషి గురించి ఈ రెండు పాపాలూ ఒకేసారి అనడానికి తెలుగు ఒప్పుకుంటుందా? మీ ఇళ్లలో ఎలా వాడతారో చెప్పండి.

*

(గీతతో మొదలయ్యేవి మిత్రుల వ్యాఖ్యలు, వాటి కిందివి నా జవాబులు.)

— బెంగళూరు నుంచి రాస్తున్నాను. కన్నడంలో కూడా ‘పాప’ రెండింటికీ చెల్లుతుంది. మా కింది వాటాలో ఉండే మలయాళీలు మాత్రం రెంటినీ విడగొట్టేశారు: తప్పు అయితే ‘పాపం’, జాలి అయితే ‘పావం’. అమాయకుడిని ‘పావం’ అనే పిలుస్తారు.

చాలా మంచి సంగతి చెప్పారండీ. అంటే ఒక్క అక్షరంతో వాళ్లకు ఈ చిక్కు తీరిపోయింది. కానీ ఆ ట్రైన్లో పెద్దావిడ అన్న రెండో ‘పావం’ లాంటిది మలయాళంలో పుట్టదేమో కదా? అక్కడ ఏదో ఒకటి తేల్చుకుని పలకాలి. నాకు మన చిక్కే నచ్చింది.

— సంస్కృతంలో పాపానికి జాలి అన్న అర్థం లేదు కదా. ఏ జన్మలో ఏ పాపం చేసుకున్నాడో, ఇప్పుడు అనుభవిస్తున్నాడు అన్న భావం నుంచే మన ‘అయ్యో పాపం’ వచ్చిందని మా నాన్నగారు చెప్పేవారు.

మాస్టారూ, ఈ వివరణ నేనూ విన్నాను. దెబ్బలు తింటున్నవాడి మీదే మళ్లీ తప్పు మోపినట్టుంటుంది కాబట్టి నా మనసు ఒప్పుకోదు. సంస్కృతంలోనే పాప శబ్దానికి కీడు, దురదృష్టం అన్న అర్థాలున్నాయి. ‘పాపము శమించుగాక’ అన్నప్పుడు మనం తలుచుకునేది రాబోయే కీడునే. ఆ దారిలో చూస్తే ‘పాపం’ అంటే ‘అయ్యో, ఎంత కీడు జరిగింది’ అని. నాకు ఇదే సబబుగా తోస్తోంది. ఎవరైనా పాత కావ్యాల నుంచి జాలి అర్థంలో ప్రయోగం చూపిస్తే ఎంతో సంతోషిస్తాను.

— విలన్‌ని చూసి ‘అయ్యో పాపం’ అనడం మొదలుపెడితే వాడి చేతిలో పోయినవాళ్ల సంగతేంటండీ? ఇలాంటి సినిమాలంటే నాకు భయమే.

మీ భయం నాకు అర్థమవుతోంది, తేలిగ్గా తీసుకోను. కానీ ఈ కథ మనకు కొత్తది కాదు. తెలుగు మహాభారతంలో నన్నయగారి భాగంలోనే, సభాపర్వంలో మయసభ ఉంది. దుర్యోధనుడు నీళ్లు లేనిచోట నీళ్లనుకుని బట్ట పైకెత్తాడు, నీళ్లున్నచోట నేలనుకుని పడ్డాడు. చూసినవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అతని మనసులోంచి పోలేదు. జూదం, వస్త్రాపహరణం, యుద్ధం, అన్నీ ఆ తర్వాతే. మయసభ దగ్గర ‘పాపం’ అనుకున్నవాళ్లమే, తొడలు విరిగి పడ్డప్పుడు ‘పాపం పండింది’ అంటాం. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని చెరిపెయ్యదు. సినిమా కూడా ఈ రెండూ చెప్పగలిగితే మంచి సినిమా. మొదటిదే చెప్పి ఊరుకుంటే మీతో కలిసి నేనూ కోప్పడతాను.

ఇంకొకటి. విలన్ అన్న ఇంగ్లీషు మాటకు మూలం ‘విల్లా’ అనే లాటిన్ మాట, అంటే పొలాల మధ్య ఉండే భూస్వామి ఇల్లు. దాన్ని అంటిపెట్టుకుని బతికే పాలేరు, పల్లెటూరి పేదవాడు మొదటి విలన్. పెద్దింటివాళ్లు వాడిని చిన్నచూపు చూసీ చూసీ ఆ పేరే దుర్మార్గుడి పేరైంది. మన దగ్గర ఊరివాళ్ల భాష ‘గ్రామ్యం’ అయి, అదే తిట్టుమాటగా మారలేదా? గిడుగువారిని ఎదిరించినవాళ్లు వ్యావహారికాన్ని ఆ మాటతోనే కొట్టారు.

ఈ ముక్క మావాడికి చెబితే ట్రైలర్లో ఇంకో చోట ఆపి చూపించాడు. అద్దం ముందు కూర్చుని, ముఖాన రంగు పూసుకుని, రెండు వేళ్లతో పెదాల చివరలు పట్టి పైకి లాగి నవ్వు తెప్పించుకుంటాడు ఆ మనిషి. కంటి కింది రంగు కన్నీటితో చారలు కట్టి దిగుతుంటుంది. ‘ముఖాన నవ్వు పులుముకోవడం’ అంటాం చూడండి, అది అక్షరాలా కళ్ల ముందు కనపడింది. "అత్తా, ఇప్పుడేమంటావు?" అని అడిగాడు. నేనూ ఆ పెద్దావిడ మాటే అన్నాను.

అక్టోబర్ 2 సాయంత్రం ఆటకు ఇద్దరం వెళ్తున్నాం. ఈలోపు తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మిత్రులు చెప్పండి: మీ వైపు జాలిపడేటప్పుడు ‘పాపం’ కాకుండా ఇంట్లో పెద్దవాళ్లు వాడే వేరే మాట ఏదైనా ఉందా?