‘లీజన్’ మచ్చా, కణితా?

ప్రశ్న: మా మేనత్తకు నిరుడు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. మొన్నటి స్కానింగ్ రిపోర్టులో కాలేయంలో ‘లీజన్’ ఉందని రాశారు. తెలుగులో చెప్పమంటే నాకు నోరు పెగలలేదు. గడ్డ అన్నా, కణితి అన్నా ఆవిడకు నిద్ర పట్టదు. మచ్చ అంటే మరీ తేలిక చేసినట్టు. పైగా ‘పాకిందా?’ అని ఆవిడే అడిగింది. మీరైతే ఏమంటారు?

జవాబు: నేను స్కానింగ్ విభాగంలో పనిచేస్తాను. మాకు రోజూ ఇదే ఇరకాటం. ఆ మాటకు లాటిన్‌లో గాయమని అర్థం. ఇప్పుడు మాత్రం ‘ఇక్కడేదో తేడాగా ఉంది’ అనడానికి మించి చెప్పదు. నీటితిత్తీ లీజనే, క్యాన్సరూ లీజనే. కణితి అంటే తీర్పు ముందే ఇచ్చేసినట్టు. నేను మచ్చ అనే అంటాను. తెర మీద కనిపించేది అదే కదా.

ఏ మచ్చో చాలాసార్లు తేలేది కాంట్రాస్ట్, అంటే రక్తం చేరిన చోటును తెర మీద తెల్లగా చూపే మందు, ఎక్కించాకే. ఒళ్లంతా ఒక్కసారి వెచ్చబడుతుంది. హెమాంజియోమా, అంటే హాని చేయని రక్తనాళాల ముద్ద అయితే, ముందు అంచున అక్కడక్కడా తెల్లని పూసలు మెరుస్తాయి. నిమిషాలు గడిచేకొద్దీ ఆ తెలుపు లోపలికి నిండి, అలాగే నిలుస్తుంది. పేగు నుంచి వచ్చిన క్యాన్సర్‌కు సాధారణంగా చుట్టూ తెగని అంచు కడుతుంది, నడుమ నలుపు మిగులుతుంది. సెంటీమీటరు కూడా లేని మచ్చలతోనే తంటా. వాటికి ఎంఆర్ఐ తీయాలి, లేదా కొన్నాళ్లాగి మళ్లీ చూడాలి.

ఇంకొకరు: నాకు ‘పాకడం’తోనే పేచీ. తీగ పాకుతుంది, మధ్యలో తెగదు. ఇక్కడ జరిగేది వేరు. పేగుల రక్తం నిర్వాహక సిరలో నేరుగా కాలేయానికి చేరుతుంది, దాంతోపాటే కణాలూ వెళ్లి పడతాయి. గోడ మీద రావిమొక్క పాకి రాలేదు, పిట్ట గింజ వేసింది. పిలక అందామంటే అది తల్లి అరటి పక్కనే లేస్తుంది. ‘మొలక’ అంటే సరి.

జవాబు: పద్యంలో బాగుంటుంది మాస్టారూ. మా గదిలో మొలక అంటే సగం మందికి మొలలని వినిపిస్తుంది!

ప్రశ్న అడిగినవారు: చివరికి ‘మచ్చ కనిపించింది, ఏమిటో ఎంఆర్ఐలో చూస్తారట’ అని చెప్పాను. ఆవిడ కాసేపు ఊరుకుని, ‘పుట్టుమచ్చేమో’ అంది.

జవాబు: హెమాంజియోమా అయితే ఆవిడ మాట దాదాపు నిజమే.