పోర్చుగల్ ‘మిస్టర్’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
గ్రూపు సభ్యులకు నమస్కారం. నునో ఎస్పిరిటో శాంటో మీద పిల్లల పత్రికకు ఒక వ్యాసం రాస్తున్నాను. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా మొదలై కోచ్‌గా పేరు తెచ్చుకున్న పోర్చుగల్ ఆయన. పోర్చుగల్‌లో గోల్‌కీపర్‌ని ‘గ్వార్ద రెదష్’ అంటారు, అంటే వలలకు కాపలా ఉండేవాడు. అది చూశాక ‘వలకాపరి’ అని రాయాలనిపించింది. కోచ్‌కి ‘శిక్షకుడు’ వాడమని పత్రికవాళ్లు అంటున్నారు. రెండూ నప్పుతాయా?

జవాబు:
వలకాపరి అంటే చేపల చెరువు గట్టు మీద గుడిసె వేసుకున్న మనిషి గుర్తొస్తున్నాడండీ. గోల్‌కీపర్ అంటే బడిపిల్లలందరికీ తెలుసు, దాన్ని కదపకండి. శిక్షకుడుతో ఇబ్బంది వేరు. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడమే, వేదాంగాల్లో ఒకదాని పేరు కూడా. కానీ తెలుగులో శిక్ష అనగానే కోర్టు, జైలే తడతాయి. ‘శిక్షణ’ బతికి బట్టకట్టింది గానీ ‘శిక్షకుడు’ ఇంకా నోట్లో నలగలేదు.

జవాబు:
మనకు వస్తాదు అనే మంచి మాట ఉందిగా! తాలింఖానాల్లో సాము నేర్పే గురువుని అలాగే పిలిచేవారు. పారసీ ‘ఉస్తాద్’ నుంచి వచ్చింది.

జవాబు:
నిజమే గానీ ఇప్పుడు వస్తాదు అంటే కండలు తిరిగిన మనిషి అనే అర్థమే మిగిలింది. పిల్లలు మరోలా ఊహించుకుంటారు.

నన్నడిగితే ముందు పోర్చుగల్ ఆటగాళ్లు ఏమని పిలుస్తారో చూడాలి. రాతలో ‘త్రైనదోర్’ (శిక్షణ ఇచ్చేవాడు) అన్నా, ఎదురుగా పిలిచేటప్పుడు కోచ్‌ని ‘మిస్టర్’ అంటారు. ఇంగ్లీషు నుంచి ఫుట్‌బాల్‌తో పాటు వచ్చిన పిలుపు అది. ఆ మిస్టర్, మాస్టర్ అనే మాటకి మరో రూపం. మాస్టర్‌కి మూలం లాటిన్ ‘మగిస్తెర్’. పోర్చుగీసు ‘మెస్త్రె’ కూడా అక్కడి నుంచే. ఆ మెస్త్రే తెలుగులోకి వచ్చి మేస్త్రీ అయింది, బొత్తాం, అల్మరా వచ్చినట్టే. ఇంగ్లీషు మాస్టరేమో మన దగ్గర మాస్టారు అయ్యాడు. అంటే మిస్టర్, మేస్త్రీ, మాస్టారు ముగ్గురూ ఒకే ఇంటివాళ్లు!

అర్థంలో మేస్త్రీయే నునోకి దగ్గర. తాపీ పట్టి ఇటుక పేర్చిన తర్వాతే ఎవరైనా మేస్త్రీ అవుతారు. నునో కూడా పోర్తో క్లబ్‌లో కోచ్ మొరీన్యో కింద ఉన్నప్పుడు ఎక్కువగా మొదటి గోల్‌కీపర్ వితోర్ బయియాకి బదులుగా సిద్ధంగా ఉన్న మనిషి. 2004 చాంపియన్స్ లీగ్ ఫైనల్లో మొనాకోని 3-0తో ఓడించినప్పుడు బెంచి మీదే ఉన్నాడు. అదే ఏడాది డిసెంబరులో యొకోహామాలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడుతుండగా బయియాకి గుండె దడ వచ్చింది. నునో దిగాడు, పెనాల్టీల్లో 8-7తో పోర్తో గెలిచింది. 2008 యూరో కప్ అప్పుడు గోల్‌కీపర్ కిమ్‌కి గాయమైతే పోర్చుగల్ జట్టులోకి పిలిచారు గానీ, దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బెంచి మీద కూర్చున్నవాడికి ఆట మొత్తం కనిపిస్తుందనేది నా అభిప్రాయం.

తర్వాత స్పెయిన్ క్లబ్ మలాగాలోనూ, గ్రీస్ క్లబ్ పనథినైకోస్‌లోనూ గోల్‌కీపర్ల కోచ్. 2012లో పోర్చుగల్ క్లబ్ రియో అవేతో హెడ్ కోచ్ అయ్యాడు. అక్కడి నుంచి వలెన్సియా, పోర్తో. 2017లో ఇంగ్లండ్ క్లబ్ వుల్వ్స్‌కి వెళ్లి మొదటి సీజన్‌లోనే 99 పాయింట్లతో దాన్ని అక్కడి పై శ్రేణి అయిన ప్రీమియర్ లీగ్‌కి చేర్చాడు, తర్వాత వరసగా రెండుసార్లు ఏడో స్థానం. టోటెన్‌హామ్‌లో మాత్రం నాలుగు నెలలే. పిల్లల పత్రికే అయినా ఆ ముక్క వదలొద్దండీ.

ప్రశ్న అడిగినవారు:
మేస్త్రీ భలే ఉంది, కానీ ‘ఫుట్‌బాల్ మేస్త్రీ’ అంటే స్టేడియం కట్టినవాడనుకోరూ?

జవాబు:
అనుకుంటారు. మొత్తం వ్యాసంలో కోచ్ అనే రాసి, ఆటగాళ్లు పిలిచే మాట దగ్గర ‘మిస్టర్ (మన మాస్టారు లాంటి పిలుపు)’ అని ఒక్కసారి చెప్పండి చాలు. డ్రిల్ మాస్టారు తెలియని బడి ఉందా?

జవాబు:
పేరు సంగతి ఎవరూ ఎత్తలేదేం? ‘శాంటో’లో ఆ ట ఎక్కడిది? పోర్చుగీసువాళ్లది పళ్లకి తగిలే త. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనం ట రాసేస్తున్నాం. త, ద మనకు సొంతంగా ఉండగా అరువు ఉచ్చారణ ఎందుకు? వాళ్లు పలికేది దాదాపు ‘నూను ఇష్పీరితు సాంతు’. చివరి ఓ వాళ్ల నోట ఉ అవుతుంది. ఇంటిపేరుకి అర్థం పరిశుద్ధాత్మ. దయచేసి దాన్ని మాత్రం తెలుగు చెయ్యకండి!

ప్రశ్న అడిగినవారు:
‘నునో ఎస్పిరితో సాంతో’ అని రాస్తాను. త మీది, చివరి ఓ పత్రికలది. పూర్తిగా ‘సాంతు’ అంటే పిల్లలు వెతికినా ఆయన ఫొటో దొరకదు.