వేటాడే క్షణం కెమెరాకు చిక్కేదెలా?

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ప్రతి ఆదివారం తెల్లవారకముందే సీతానగరం కరకట్టకు చేరుకుని, నలుపు తెలుపు లకుముకి పిట్ట చేపను పట్టే దృశ్యం కోసం కాచుకుంటున్నాను. నా దగ్గర దూరపు పిట్టను దగ్గరగా చూపే 400 మి.మీ. లెన్సు ఉంది. అయినా పిట్ట మునిగాక లేచిన నీటి తుంపర తప్ప ఏదీ ఫోటోలో పడడం లేదు. ఎక్కడ పొరబడుతున్నానో దయచేసి చెప్పగలరు.

పాతగుంటూరు:
కృష్ణాతీరం గారూ, మునకను వెంబడించడం మానండి. ఈ పిట్ట కొమ్మ మీద నుంచే కాక, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి కూడా వేటాడుతుంది. అప్పుడు ముక్కును కిందికి దించి, ఒళ్లంతా ఊగుతున్నా తలను మాత్రం దాదాపు కదలనివ్వదు. ఫోకస్‌ను అప్పుడే కంటి మీద నిలపాలి. రెక్కలు ముడిచాక బటన్ నొక్కితే ఆలస్యమైనట్టే. షట్టర్ వేగం సెకనులో 2500వ వంతు ఉండేలా చూసుకుని, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. దానివల్ల ఫోటోలో వచ్చే గరుకును తరువాత తగ్గించుకోవచ్చు గాని, అదిరిన కన్నును బాగుచేయలేము.

కొల్లేటిబాట:
కొల్లేరు దగ్గరి ఆటపాకలో డార్టర్ (పాము మెడ పక్షి) ఫోటోలు తీసేవారికి ఒక మాట. అది చేపను ముక్కుతో పొడిచి పైకి తేలాక, గాలిలోకి ఎగరేసి తలవైపు నుంచి మింగుతుంది. అందుకే ముక్కుకు పైన ఖాళీ వదిలి ఫ్రేము పెట్టుకోవాలి.

చెరువుగట్టు (గుంటూరు):
నాకు మనసులో నాటుకుపోయిన సంగతి వేరొకటి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో గూళ్ల మీదున్న ఎర్రకాళ్ల కొంగల కోసం ఒకసారి అవసరానికి మించి దగ్గరకు వెళ్లాను. గుడ్ల మీద కూర్చున్న పక్షి బెదిరి లేచింది. అది తిరిగి వాలేలోపే కాకి వచ్చి గుడ్డును పొడిచింది. ఆ వేటకు దారి ఇచ్చింది నేనే. ఆ ఫోటోను ఇంతవరకు ఎవరికీ చూపలేదు. అప్పటి నుంచి పక్షి మెడ ఎత్తి నా వైపు చూస్తే చాలు, అక్కడే ఆగి వెనక్కి తగ్గుతున్నాను. చేపలు విసిరి గరుడ పక్షులను రప్పించే పద్ధతి కూడా నాకు సమ్మతం కాదు.

కృష్ణాతీరం (విజయవాడ):
అందరికీ కృతజ్ఞతలు. నిన్న గట్టు దిగకుండానే, పిట్ట గాలిలో నిలిచినప్పుడే ఫోకస్ పట్టాను. ముక్కుకు అడ్డంగా వేలెడంత చేప, దాని తోక చివర ఒక నీటి బొట్టు స్పష్టంగా వచ్చాయి.