ఆసుపత్రిలో బీపీ 162, ఇంట్లో 138: ఏది నమ్మాలి?

గోదారిగట్టు:
మా నాన్నగారికి 58 ఏళ్లు, షుగర్ లేదు. ఆసుపత్రిలో బీపీ 162/96 వచ్చింది. ఇంట్లో మిషన్‌తో చూస్తే 138/84, ఐదు నిమిషాలాగి చూస్తే 149/90, రాత్రికి 131/80. తలనొప్పి, కళ్లు తిరగడం ఏమీ లేవు. డాక్టర్ గారు టెల్మిసార్టాన్ 40 రాశారు. మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలని నాన్నగారి బెంగ. వెంటనే మొదలుపెట్టాలా, కొన్నాళ్లు చూడాలా?

మందులచీటీ:
తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోకండి. 160 ఉన్నా చాలామందికి ఒంట్లో ఏమీ తెలియదు. గుండె, కిడ్నీ, మెదడు రక్తనాళాలు మాత్రం లోలోపల దెబ్బతింటూనే ఉంటాయి.

అలాగని ఒక్క అంకెతో తేల్చకూడదు. డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పి, వారం రోజులు ఇంట్లో కొలవండి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, రెండింటి మధ్య ఒక నిమిషం. మొదటి రోజువి కొట్టేయండి, మిగతా 24 కొలతల సగటు తీయండి. ఆ సగటు 135/85 గానీ అంతకన్నా ఎక్కువగానీ ఉంటే బీపీ ఉన్నట్టే. ఆసుపత్రిలో హద్దు 140/90. అక్కడ ఎక్కువ, ఇంట్లో మామూలు అయితే ఆసుపత్రి బెరుకు వల్ల పెరిగిన బీపీ. దానికీ ఏటా చూపించుకుంటూ ఉండాలి. 180/120 దాటితే మాత్రం వారం ఆగొద్దు, ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి.

కొలిచేముందు అరగంట కాఫీ, టీ, సిగరెట్, నడక ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనేలా కుర్చీలో ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పాదాలు నేలమీద, కాలు మీద కాలు వద్దు. చెయ్యి గుండె ఎత్తున బల్లమీద ఆనాలి. 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే పై అంకె దాదాపు 8 పెరుగుతుంది. చొక్కా చెయ్యి మీద కఫ్ (చేతికి చుట్టే పట్టీ) కట్టొద్దు. మాట్లాడొద్దు, టీవీ వద్దు. మొదటిరోజు రెండు చేతులూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే రోజూ కొలవండి. తేడా 20 దాటితే డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

నాడీరేఖ:
మిషన్ దండచేతికి కట్టేదేనా, మణికట్టుదా? మణికట్టువి నమ్మకం తక్కువ. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యన టేపుతో చుట్టుకొలత తీసి చెప్పండి.

గోదారిగట్టు:
దండచేతిదే. చుట్టుకొలత 35 సెంటీమీటర్లు. కఫ్ మీద 22–32 అని ఉంది.

నాడీరేఖ:
అక్కడే ఉంది తిరకాసు. చిన్న కఫ్ లావు చేతికి కడితే బీపీ ఎక్కువగా చూపిస్తుంది, పై అంకె సుమారు 5 దాకా. అదే కంపెనీ పెద్ద కఫ్ కొనండి. వేరే కంపెనీ కఫ్ తగిలిస్తే కొలత నమ్మలేం. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకి మిషన్ అంకెలు మరీ చెల్లాచెదురుగా వస్తాయి, అప్పుడు ఈసీజీ చూడాలి.

గోదారిగట్టు:
పెద్ద కఫ్‌తో వారం చూశాం. సగటు 141/87.

మందులచీటీ:
సరైన కఫ్‌తో, సరైన పద్ధతిలో 135/85 దాటింది. అంటే ఆసుపత్రి భయం ఒక్కటే కాదు, బీపీ ఉంది. మాత్ర మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, మూత్రంలో అల్బుమిన్, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించండి. టెల్మిసార్టాన్ మొదలయ్యాక ఒకటి రెండు వారాల్లో మళ్లీ క్రియాటినిన్, పొటాషియం. క్రియాటినిన్ కొద్దిగా పెరగడం మామూలే, 30 శాతం దాటితే మాత్రం మందు గురించి మళ్లీ ఆలోచించాలి. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. అవి బీపీనీ పెంచుతాయి, ఈ మందుతో కలిస్తే కిడ్నీకీ దెబ్బ.

జీవితాంతం మాటంటారా, బరువు, ఉప్పు తగ్గి బీపీ దిగితే డాక్టర్ డోసు తగ్గించొచ్చు. తనంతట తాను మానేస్తే మళ్లీ పెరుగుతుంది. అంకె బాగుందని మానేయడమే అందరూ చేసే తప్పు; అది బాగున్నది మందు వల్లే.

ఉప్పుడబ్బా:
ఉప్పు మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు. నలుగురున్న ఇంట్లో కిలో పాకెట్ కనీసం 50 రోజులు రావాలి. ఆవకాయ, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండు చేపలు, బయటి తిండి ఆ పాకెట్‌లోంచి రావు కాబట్టి ఇంకా ఎక్కువ రోజులు రావాలి. పెరుగన్నంలో, మజ్జిగలో ఉప్పు మానడం సులువు, అక్కడ మొదలుపెట్టండి. సైంధవ లవణమూ సోడియమే, దానివల్ల లాభం లేదు. పొటాషియం కలిపిన "తక్కువ సోడియం" ఉప్పు టెల్మిసార్టాన్ వాడేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా కొనొద్దు, రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు.

నాడీరేఖ:
ఇంకొకటి. ఎప్పుడైనా 180 దాటినా ఒంట్లో ఇబ్బంది లేకపోతే, కూర్చోబెట్టి ఐదు నిమిషాలాగి మళ్లీ కొలవండి. బీపీ గబుక్కున దించే నిఫెడిపిన్ మందు నాలుక కింద పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే పక్షవాతమో గుండెపోటో రావచ్చు. మూతి వంకరపోవడం, మాట తడబడటం, చెయ్యి పడిపోవడం, ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం కనిపిస్తే కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. మందు మొదలుపెట్టిన నాలుగు వారాలకి మళ్లీ వారం కొలతలు తీయండి. ఉదయంవి మాత్ర వేసుకోకముందే రాయాలి. ఒకరోజు లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు కూడా కొలవండి, పై అంకె 20 పడిపోతే ఆ కాగితం పట్టుకుని వెళ్లి చూపించండి.