గేటు రివ్యూలు అసలు ఏ ప్రాజెక్టునైనా ఆపుతున్నాయా?

పీణ్యా ఇంజనీరు:
బెంగళూరులో పదకొండేళ్లుగా హార్డ్‌వేర్ డిజైన్‌లో ఉన్నాను. పాత కంపెనీలో బోరు మోటారు కంట్రోలర్ ఒకటి చేశాం. మొదటి నమూనాని పది నిమిషాలు షవర్ కింద పెట్టి మూత తీస్తే బోర్డు మీద నీటి చుక్కలు. అయినా మూడు గేటు రివ్యూలు (ప్రాజెక్టు కొనసాగించాలా, ఆపాలా అని ఒక్కో దశ చివర తేల్చే మీటింగులు) దాటింది, ప్రతిసారీ "షరతులతో ఓకే" అని మినిట్స్‌లో రాశారు. పెట్టె కోసం ప్లాస్టిక్ పోసే మోల్డ్ చేయించి, డబ్బంతా ఖర్చయ్యాక ఆపారు. మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ రాబర్ట్ కూపర్ ఈ స్టేజ్-గేట్ పద్ధతిని 1980ల్లో ఊరికే తయారు చేయలేదు, నెగ్గిన ప్రొడక్టుల్నీ దెబ్బతిన్నవాటినీ పక్కపక్కన పెట్టి చూసి చేశాడు. పనికిరానిదాన్ని తొందరగా ఆపి ఆ మనుషుల్ని, డబ్బుని బాగున్నదానికి ఇవ్వాలన్నదే దాని ప్రాణం. మన దగ్గర గేటు ఉంది, మూసేవాళ్లు లేరు. గేట్లు తీసేయమనను, మూయమంటున్నాను.

వైట్‌ఫీల్డ్ డెవలపర్:
నేను ఒప్పుకోను అన్నా. గేటు మూడు నెలలకోసారి వస్తుందంటే అప్పటిదాకా చెడ్డ వార్త దాచుకోవడం అందరికీ అలవాటైపోతుంది. 1986లో టకేయుచి, నొనాకా అనే జపాన్ ప్రొఫెసర్లు హోండా, కానన్ లాంటి కంపెనీల్ని చూసి ఒక వ్యాసంలో ఇలా రాశారు: రిలే పరుగులా ఒక డిపార్ట్‌మెంట్ ఇంకోదానికి కర్ర అందించడం కాదు, రగ్బీలో లాగా టీమంతా కలిసి కదలాలి. మా సాఫ్ట్‌వేర్ టీముల పని పద్ధతికి స్క్రమ్ అన్న పేరు అక్కణ్నుంచి వచ్చిందే. మేం రెండు వారాలకోసారి, అంటే ఒక్కో స్ప్రింట్ (ఒక విడత పని) అయ్యాక, కస్టమర్‌కి చూపిస్తాం, నచ్చకపోతే వెంటనే మారుస్తాం.

పీణ్యా ఇంజనీరు:
నువ్వు మార్చేది కోడ్ తమ్ముడూ. స్టీల్ మోల్డ్‌లో ప్లాస్టిక్ మందం పెంచాలంటే ఇంకాస్త కోస్తే సరిపోతుంది, తగ్గించాలంటే మాత్రం వెల్డ్ చేసి మళ్లీ కోయాలి, దానికి వారాలు పడుతుంది. విమానాల తయారీ లాంటి భారీ ప్రాజెక్టులకి ఈ రగ్బీ పద్ధతి కుదరకపోవచ్చని ఆ వ్యాసంలోనే ఉంది కదా.

మేనేజ్‌మెంట్ పీహెచ్‌డీ విద్యార్థిని:
ఇద్దరూ గేటు గురించే మాట్లాడుతున్నారు, అక్కడ ఎవరు కూర్చుంటున్నారో అడగట్లేదు. 1976లో బారీ స్టా అనే పరిశోధకుడు ఒక ప్రయోగంలో బిజినెస్ విద్యార్థులకి ఒక కంపెనీ ఆర్ అండ్ డీ (పరిశోధన) డబ్బు దాని విభాగాలకి పంచే పని ఇచ్చాడు. తాము ఎంచుకున్న విభాగమే దెబ్బతిన్నదని తెలిసినవాళ్లు, ఆ ఎంపికతో సంబంధం లేనివాళ్ల కంటే ఎక్కువ డబ్బు మళ్లీ దానికే పెట్టారు. మొదలుపెట్టినవాళ్ల చేతిలోనే ఆపే నిర్ణయం ఉంటే మూడు నెలల గేటైనా, రెండు వారాల స్ప్రింటైనా ఫలితం ఒకటే.

వైట్‌ఫీల్డ్ డెవలపర్:
ఇది నిజమే, మా దగ్గర ఎవరూ వాడని ఫీచర్ ఒకటి ఏడాదిన్నరగా ప్రతి స్ప్రింట్‌లోనూ ఉంటోంది, అది మా మేనేజర్ ఐడియా. కానీ మొదలుపెట్టినవాళ్లని బయట ఉంచితే ఆ ప్రొడక్టు సంగతి తెలిసినవాళ్లు ఇంకెవరుంటారు లోపల?

పీణ్యా ఇంజనీరు:
మా మూడు రివ్యూలనీ నడిపింది ఆ ప్రాజెక్టు మొదలుపెట్టించిన డైరెక్టరే. షవర్ కింద పెట్టి చూసిన టెక్నీషియన్‌ని ఒక్కసారి కూడా లోపలికి పిలవలేదు, ఆ గది బయటే అతని బెంచీ.